విదేశీ ఉద్యోగం: వీసా చేతికి అందిన పిదపనే రాజీనామా
(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు: విదేశంలో ఉద్యోగం ఖాయమయిందన్న సమాచారం వచ్చిన మరుసటి రోజే ఉన్న ఉద్యోగానికి రాజీనామా సమర్పించడం, ఆ పిదప వీసా ఆలస్యమై నెలల తరబడి జీతం లేక ఇబ్బందులు పడడం పలు కుటుంబాలకు అనుభవమే. నియామక పత్రం, వీసా ఇంటర్వ్యూ, వీసా జారీ, ప్రయాణానుమతి అనేవి నాలుగు వేర్వేరు దశలు. మొదటి దశ దాటినంత మాత్రాన మిగిలిన మూడు దాటినట్లు కాదు. నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాల నుండి గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్లగోరే వారిని దృష్టిలో ఉంచుకొని, వీసా ఇంటర్వ్యూల తీరును, రాజీనామాకు తగిన సమయాన్ని ఈ వ్యాసం వివరిస్తున్నది.

మెట్ట ప్రాంతంలో నెలజీతం విలువ

నెల్లూరు పట్టణానికి వాయవ్యంగా సుమారు 95 కిలోమీటర్ల దూరంలో ఉదయగిరి ఉన్నది. ఆత్మకూరు నెల్లూరు నుండి బద్వేలు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. సోమశిల జలాశయం ఆత్మకూరుకు చేరువలోనే ఉన్నప్పటికీ ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, మర్రిపాడు మండలాలలో అధిక భాగం వర్షంపై ఆధారపడిన మెట్ట భూమియే. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలలో పొగాకు అమ్ముడుపోయిన నాడే అప్పులు తీర్చుకొనే రైతు కుటుంబాలు ఇక్కడ అనేకం. ఇటువంటి కుటుంబాలలో నెలనెలా వచ్చే జీతం ఒక్కటే స్థిరమైన ఆదాయం. అది హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరాలలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పంపే సొమ్ము కావచ్చు, నెల్లూరు ఆసుపత్రిలో నర్సు వేతనం కావచ్చు, లారీ డ్రైవరు జీతం కావచ్చు. ఆ జీతం తొందరపాటుతో ఆగిపోతే భూమి తాకట్టుకు, అధిక వడ్డీ అప్పుకు దారితీయును.

ఈ ప్రాంతం నుండి విదేశాలకు వెళ్లే మార్గాలు ప్రధానంగా రెండు. పొరుగున ఉన్న కడప ప్రాంతంవలెనే ఇక్కడి నుండి కూడా కువైట్ మొదలగు గల్ఫ్ దేశాలకు డ్రైవర్లుగా, భవన నిర్మాణ కార్మికులుగా, ఇంటి పనివారుగా వెళ్లడం మొదటిది. ఇంజినీరింగ్ చదివిన వారు అమెరికా తదితర దేశాలకు వృత్తి నిపుణులుగా వెళ్లడం రెండవది. రెండు మార్గాల నిబంధనలు వేరు. రాజీనామా విషయంలో మాత్రం రెండింటికీ వర్తించే సూత్రం ఒక్కటే.

రెండు ఇంటర్వ్యూలు, రెండు నిర్ణయాలు

ఇంటర్వ్యూ అనే మాటను ప్రజలు రెండు అర్థాలలో వాడుచున్నారు. యజమాని లేదా ఏజెంటు అభ్యర్థి పనితనాన్ని పరీక్షించేది ఉద్యోగ ఇంటర్వ్యూ. అందులో నెగ్గినవారికి నియామక పత్రం లభించును. ఆయా దేశాల కాన్సులేట్ అధికారి అభ్యర్థి అర్హతను నిర్ణయించేది వీసా ఇంటర్వ్యూ. ఈ రెండవ నిర్ణయంపై యజమానికి గాని, ఏజెంటుకు గాని ఎటువంటి అధికారం లేదు.

గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు సాధారణంగా ఉద్యోగ ఇంటర్వ్యూ మాత్రమే ఉండును. వీసా మంజూరు పత్రాలు, వైద్య పరీక్షలపై ఆధారపడి సాగును. అమెరికా హెచ్-1బి వంటి వీసాలకు కాన్సులేట్ అధికారి ఎదుట స్వయంగా హాజరు కావలసి ఉండును. బ్రిటన్ ఉద్యోగ వీసాకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, వేలిముద్రలు, ఫోటో దరఖాస్తు కేంద్రంలో ఇవ్వవలెను. ఆరు నెలలకు మించి ఉండగోరే భారతీయులు క్షయ వ్యాధి పరీక్ష ధ్రువపత్రం జతపరచవలెను.

గల్ఫ్ మార్గం: వైద్య పరీక్ష నుండి వలస అనుమతి వరకు

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదవ తరగతి ఉత్తీర్ణత లేనివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు జారీ అగును. వీరు కువైట్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగ నిమిత్తం వెళ్లదలచినచో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, అనగా వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఈ అనుమతికి సంబంధించిన ప్రక్రియ కేంద్ర విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు చెందిన ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా జరుగుచున్నది. ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చేందుకు ముసాయిదా బిల్లును కేంద్రం 2025 అక్టోబరులో ప్రజాభిప్రాయం కొరకు వెలువరించింది.

కువైట్ ఉదాహరణగా తీసుకొంటే దశలు ఈ విధంగా ఉండును. అక్కడి యజమాని పని అనుమతి పొంది వీసా పత్రం పంపును. అభ్యర్థి గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్య పరీక్ష చేయించుకొనవలెను. పోలీసు ధ్రువపత్రం తీసుకొనవలెను. అనంతరం పాస్‌పోర్టుపై వీసా ముద్ర, ఉద్యోగ ఒప్పందం నమోదు, బీమా, వలస అనుమతి వరుసగా పూర్తి కావలెను. కువైట్ చేరిన పిదప మరల వైద్య పరీక్ష, వేలిముద్రలు జరుగును. అవి ముగిసిన తరువాతనే నివాస అనుమతి అయిన ఇఖామా లభించును.

వైద్య పరీక్షలో అనర్హులుగా తేలినవారికి ఆ దారి అక్కడితో మూసుకుపోవును. ఊపిరితిత్తులపై పాత క్షయ మచ్చలు, కాలేయ వ్యాధి సూచనలు ఉన్నవారు ఈ దశలోనే వెనుదిరుగుచున్నారు. అందువలన వైద్య పరీక్ష ఫలితం రాకముందే ఉద్యోగం మానుకోవడం, ఎద్దులు, పొలం అమ్ముకోవడం, ఏజెంటుకు పూర్తి సొమ్ము చెల్లించడం మిక్కిలి ప్రమాదకరం.

వీసా రకాన్ని కూడా ముందే తెలుసుకొనవలెను. కువైట్‌లో ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 18వ అధికరణ కింద, ఇంటి పనివారికి 20వ అధికరణ కింద నివాస అనుమతి ఇవ్వబడుచున్నది. గ్రామాలలో వీటిని 18 నంబరు వీసా, 20 నంబరు వీసా అని వ్యవహరిస్తారు. 20 నుండి 18కి మార్పు సాధారణంగా సాధ్యపడదు. 2024 జూలై 14 నుండి సెప్టెంబరు 12 వరకు మాత్రం కువైట్ ప్రభుత్వం తాత్కాలికంగా అనుమతించింది. డ్రైవరు ఉద్యోగమని చెప్పి ఇంటి పని వీసా చేతిలో పెట్టినచో, అక్కడికి చేరిన పిదప కంపెనీలో చేరవచ్చుననే హామీని నమ్మరాదు. యజమాని ఎవరో తెలియని ఆజాద్ వీసా చట్టం దృష్టిలో చెల్లదు.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల మహిళలకు ఈ దేశాలకు వెళ్లేందుకు కనీస వయస్సు 30 సంవత్సరాలు. నర్సుల విషయంలో 2015 నుండి ప్రత్యేక నిబంధన అమలులోకి వచ్చినది. ఈ 18 దేశాలకు వెళ్లే నర్సులు చదువుతో నిమిత్తం లేకుండా వలస అనుమతి పొందవలెను. నియామకం ప్రభుత్వ రంగ సంస్థల ద్వారా మాత్రమే జరగవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు ఓంక్యాప్ సంస్థ ఉన్నది. నెల్లూరు, ఆత్మకూరు ఆసుపత్రులలో పనిచేయుచున్న నర్సులు ప్రైవేటు ఏజెంటు మాటపై రాజీనామా చేసే ముందు ఈ నిబంధనను గమనించవలెను.

అమెరికా మార్గం: ఆమోదం వేరు, వీసా వేరు

హెచ్-1బి వీసాలు ఏటా 65,000, అమెరికాలో ఉన్నత విద్య పూర్తిచేసిన వారికి అదనంగా 20,000 చొప్పున కేటాయింపు ఉన్నది. యజమాని మార్చిలో నమోదు చేయవలెను. ఎంపికైన పిదప దాఖలు చేసిన అర్జీ ఆమోదం పొందితే ఐ-797 పత్రం వచ్చును. ఉద్యోగ ప్రారంభ తేదీ సాధారణంగా అక్టోబరు 1. ఐ-797 పత్రం వీసా కాదు. అది వీసాకు దరఖాస్తు చేసుకొనే అర్హత మాత్రమే. భారతదేశంలో ఉన్న అభ్యర్థి డీఎస్-160 పత్రం నింపి, రుసుము చెల్లించి, వేలిముద్రలు ఇచ్చి, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరు కావలెను.

హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో ప్రారంభమైనది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని నూతన భవనంలోకి మారినది. అంతకుముందు తెలుగువారు అధికంగా చెన్నై కాన్సులేట్‌కు వెళ్లేవారు. నెల్లూరు జిల్లా వాసులకు నేటికీ చెన్నై దగ్గరి నగరమే.

ఇంటర్వ్యూ సాధారణంగా కొద్ది నిమిషాలలో ముగియును. యజమాని ఎవరు, పని ఏమి, జీతమెంత, పని ప్రదేశం ఎక్కడ, ప్రస్తుతం ఎక్కడ పనిచేయుచున్నారు, చదువుకు ఉద్యోగానికి గల సంబంధమేమి అన్నవి ప్రధాన ప్రశ్నలు. ఫలితం మూడు రకాలు. మొదటిది ఆమోదం. అప్పుడు అధికారి పాస్‌పోర్టును తన వద్దనే ఉంచుకొని, వీసా ముద్రించిన పిదప తిరిగి పంపును. రెండవది తిరస్కరణ. మూడవది 221(జి) కింద నిలుపుదల. అదనపు పత్రాలు కోరినప్పుడు గాని, మరింత పరిశీలన అవసరమైనప్పుడు గాని ఈ చీటీ ఇవ్వబడును. దీనికి నిర్ణీత గడువు లేదు. కొందరికి కొన్ని రోజులలో, మరికొందరికి నెలల తరువాత తేలును. ఇంటర్వ్యూ బాగా జరిగిందన్న సంతోషంతో ఆ సాయంత్రమే రాజీనామా పంపినవారు 221(జి) చీటీతో ఇంటికి చేరిన సందర్భాలలో నష్టపోవుచున్నారు.

రాజీనామాకు ఇంటర్వ్యూకు మరొక సంబంధం కూడా ఉన్నది. డీఎస్-160లో ప్రస్తుత ఉద్యోగ వివరాలు నింపవలెను. ఇంటర్వ్యూనాటికి ఉద్యోగం వదిలినవారు ఆ విషయాన్ని యథాతథంగా చెప్పవలెను. వాస్తవాన్ని దాచి తప్పుడు సమాచారమిచ్చినట్లు తేలితే అమెరికా చట్టం ప్రకారం శాశ్వత అనర్హత వర్తించవచ్చును. నకిలీ అనుభవ పత్రాలకు కూడా ఇదే ఫలితం.

అదే సంస్థ తన ఉద్యోగిని అమెరికా శాఖకు పంపే ఎల్-1 వీసాలో రాజీనామా ప్రసక్తియే ఉండరాదు. గత మూడేళ్లలో కనీసం ఒక సంవత్సరం అదే సంస్థలో నిరంతరంగా పనిచేసి ఉండడం ఆ వీసాకు అర్హత. ఉద్యోగం వదిలినచో బదిలీ చేసే సంస్థయే ఉండదు.

2025 నేర్పిన పాఠం

నిబంధనలు అకస్మాత్తుగా మారగలవని 2025 సంవత్సరం రుజువు చేసింది. సెప్టెంబరు 2 నుండి అమెరికా అధిక శాతం వీసా రకాలకు ఇంటర్వ్యూ మినహాయింపును రద్దు చేసింది. సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, అమెరికా వెలుపల ఉన్నవారి కొరకు సెప్టెంబరు 21 నుండి దాఖలయ్యే కొత్త హెచ్-1బి అర్జీలకు 1,00,000 డాలర్ల చెల్లింపు విధించబడినది. దీని గడువు 12 నెలలుగా పేర్కొనబడినది. డిసెంబరు 15 నుండి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలైనది. ఫలితంగా డిసెంబరు మధ్య నుండి భారతదేశంలో జరగవలసిన అనేక ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆపై తేదీలకు వాయిదా పడినవి.

ఈ వాయిదాను రాజీనామా కోణంలో చూడవలెను. డిసెంబరు మూడవ వారంలో ఇంటర్వ్యూ తేదీ పొంది, 90 రోజుల నోటీసు లెక్కవేసుకొని సెప్టెంబరులోనే రాజీనామా ఇచ్చిన ఉద్యోగికి డిసెంబరుతో జీతం ఆగిపోవును. ఇంటర్వ్యూ మార్చికి మారినందున కనీసం మూడు నెలలు ఆదాయం ఉండదు. నోటీసు ఇవ్వక వేచియున్న ఉద్యోగికి అదే వాయిదా వలన కలిగే నష్టం నిరీక్షణ మాత్రమే. వీరిద్దరి అర్హతలో భేదం లేదు. భేదమంతా రాజీనామా తేదీలోనే ఉన్నది.

బ్రిటన్‌లోనూ ఇటువంటి మార్పు జరిగినది. 2025 జూలై 22 నుండి ఆ దేశం విదేశాల నుండి సంరక్షణ సిబ్బంది కొత్త నియామకాలకు వీసాలు నిలిపివేసింది. నైపుణ్య ఉద్యోగాల సాధారణ వేతన పరిమితిని 41,700 పౌండ్లకు పెంచింది. కావున ఆ తేదీకి ముందు కుదిరిన బేరం పేరిట సొమ్ము అడిగే ఏజెంట్ల పట్ల అప్రమత్తత అవసరం.

రాజీనామా తేదీని లెక్కించు విధానం

నోటీసు వ్యవధి నియామక పత్రంలో వ్రాయబడి ఉండును. సాఫ్ట్‌వేర్ సంస్థలలో 60 లేదా 90 రోజులు సర్వసాధారణం. లెక్క వీసా ముద్రతో పాస్‌పోర్టు చేతికందిన రోజు నుండి ప్రారంభం కావలెను. ఉదాహరణకు జూన్ 10న పాస్‌పోర్టు అంది, అదే రోజు 90 రోజుల నోటీసు ఇచ్చినచో సెప్టెంబరు 8న విడుదల లభించును.  హెచ్-1బి ఉద్యోగికి అర్జీ చెల్లుబాటు తేదీకి 10 రోజుల ముందు నుండి అమెరికాలో ప్రవేశానికి అవకాశమున్నది.

పాస్‌పోర్టు ఆలస్యంగా అందినచో చేయదగినవి మూడు. చేరిక తేదీని వాయిదా వేయుమని విదేశీ యజమానిని లిఖితపూర్వకంగా కోరవలెను. మిగిలియున్న సెలవులను నోటీసు కాలంలో సర్దుబాటు చేయుమని ప్రస్తుత యజమానిని కోరవచ్చును. నియామక పత్రం అనుమతించినచో మిగిలిన రోజులకు జీతం చెల్లించి విడుదల కావచ్చును. ఈ మూడింటిలో ఏదియు ఉద్యోగం లేకుండా నెలల తరబడి ఉండుటకన్న భారం కాదు.

గల్ఫ్ వెళ్లేవారు వీసా పత్రంపై ముద్రించిన ప్రవేశ గడువును చూసుకొనవలెను. వైద్య పరీక్షలో అర్హత, వీసా ముద్ర, వలస అనుమతి మూడూ పూర్తయిన రోజే వారికి రాజీనామా రోజు. నోటీసు వ్యవధి ప్రవేశ గడువుకు మించి ఉన్నచో, ఆ విషయాన్ని ఇంటర్వ్యూ దశలోనే యజమానికి తెలియజేయవలెను.

రాజీనామా ఇచ్చిన పిదప వీసాకు అవరోధం ఏర్పడితే వెంటనే లిఖితపూర్వకంగా ఉపసంహరణ కోరవలెను. రాజీనామా అమలులోకి వచ్చే తేదీకి ముందు దానిని ఉపసంహరించుకొనవచ్చునని సుప్రీంకోర్టు 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులోను, 2005లో భారత్ ఎర్త్ మూవర్స్ ఉద్యోగి కేసులోను తీర్పులు ఇచ్చింది. అయితే ప్రైవేటు ఉద్యోగాలలో నియామక పత్రం షరతులే ప్రధానం. కావున దీనిని చివరి ఆశగా మాత్రమే భావించవలెను.

ప్రభుత్వ ఉద్యోగులు

ప్రభుత్వ ఉపాధ్యాయులు, వైద్యులు, నర్సులు విదేశీ ఉద్యోగానికి ప్రయత్నించే ముందే సంబంధిత అధికారి అనుమతి పొందవలెను. రాష్ట్ర పింఛను నిబంధనల ప్రకారం రాజీనామా వలన గత సర్వీసు మొత్తం కోల్పోవుదురు. సెలవుపై వెళ్లే అవకాశమున్నదేమో పరిశీలించి, ఉత్తర్వులు చేతికి వచ్చిన తరువాతనే దేశం విడువవలెను. అనుమతి లేకుండా గైర్హాజరు కావడం క్రమశిక్షణా చర్యకు దారితీయును.

ఉద్యోగం వదిలే ముందు సేకరించవలసినవి

విడుదల పత్రం, అనుభవ పత్రం, చివరి జీతపు చీటీలు, ఫారం 16, భవిష్య నిధి ఖాతా సంఖ్య వివరాలు తీసుకొనవలెను. భవిష్య నిధి ఖాతాలో ఉద్యోగం ముగిసిన తేదీ నమోదైనదో లేదో చూసుకొనవలెను. నమోదు కానిచో ఇకపై సొమ్ము తీసుకోవడం కష్టతరం. యజమాని వద్ద ఉన్న అసలు ధ్రువపత్రాలు, బాండు ఒప్పందాలు ఉంటే వాటిని పరిష్కరించుకొనవలెను. ఆధార్, బ్యాంకు ఖాతాలతో అనుసంధానమైన ఫోను నంబరును రద్దు చేసుకొనరాదు. విదేశాల నుండి లావాదేవీలకు ఆ నంబరుకే సంకేత సంఖ్య వచ్చును. సాధారణ పొదుపు ఖాతాను ప్రవాస భారతీయ ఖాతాగా మార్చుకొనవలెను.

హెచ్-1బి ఉద్యోగికి అమెరికాలో అడుగుపెట్టిన 30 రోజులలోపు జీతం లెక్కింపు ఆరంభం కావలెనని అక్కడి నిబంధన. మొదటి జీతం చేతికందేవరకు ఖర్చులకు, ఇక్కడ ఇంటి అవసరాలకు సరిపడే సొమ్ము నిల్వ ఉంచుకొనవలెను.

ఏజెంట్లు, రుసుములు, రక్షణలు

రిజిస్టరు అయిన ఏజెంట్లు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు నిర్వహించవచ్చును. ఏజెంటు రిజిస్ట్రేషన్ సంఖ్యను ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకొనవచ్చును. అభ్యర్థి నుండి వసూలు చేయదగిన గరిష్ఠ సేవా రుసుము రూ.30,000, దానిపై జి.ఎస్.టి. ఈ సొమ్ముకు రసీదు పొందవలెను. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం, దానిపై పన్ను చెల్లించినచో ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి రూ.10 లక్షల బీమా లభించును. విదేశంలో కష్టాలలో చిక్కుకొన్నవారి ఫిర్యాదులకు విదేశీ వ్యవహారాల శాఖ మదద్ వెబ్‌సైటు 2015 నుండి పనిచేయుచున్నది.

సందర్శక వీసాపై పంపి, అక్కడకు చేరిన పిదప ఉద్యోగ వీసాగా మార్పిస్తామనే మాటను నమ్మరాదు. కంప్యూటరు ఉద్యోగాల పేరిట కంబోడియాకు వెళ్లిన ఆంధ్ర యువకులు సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకొన్న వైనం 2024లో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో వెలుగుచూసింది.

ముఖ్య సూచనలు

1. నియామక పత్రం, అర్జీ ఆమోదం, ఇంటర్వ్యూలో అనుకూల సమాధానం, వీటిలో ఏదియు వీసా కాదు.
2. వీసా ముద్రించిన పాస్‌పోర్టు చేతికి అందనిదే రాజీనామా ఇవ్వరాదు, తిరిగి చెల్లించని విమాన టికెట్టు కొనరాదు, ఆస్తి అమ్మరాదు.
3. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గలవారు వీసాతోపాటు వలస అనుమతి వచ్చేవరకు వేచియుండవలెను.
4. పాస్‌పోర్టుపై ముద్రించిన పేరు, జన్మతేదీ, వీసా రకం, గడువు, యజమాని పేరు నియామక పత్రంతో సరిపోల్చుకొనిన పిదపనే నోటీసు ఇవ్వవలెను.
5. నోటీసు వ్యవధిని విదేశీ యజమానికి మొదటి సంభాషణలోనే చెప్పవలెను.
6. ఇంటర్వ్యూలో ప్రస్తుత ఉద్యోగ పరిస్థితిని ఉన్నది ఉన్నట్లుగా చెప్పవలెను.

పాత్రికేయులు విదేశీ ఉద్యోగ మోసాలపై వార్తలు వ్రాయునప్పుడు బాధితుడు ఏ దశలో ఉద్యోగం వదిలెను, ఏ దశలో సొమ్ము చెల్లించెను అన్న రెండు వివరాలను ప్రస్తావించినచో పాఠకులకు మేలు కలుగును. మండల స్థాయి అధికారులు, ఉపాధి కల్పన సిబ్బంది అభ్యర్థులు సంప్రదించినప్పుడు వీసా రకాన్ని, ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను, వలస అనుమతి అవసరాన్ని ముందుగా పరిశీలించి, రాజీనామా విషయం చివర మాత్రమే ప్రస్తావించవలెను. మెట్ట ప్రాంత కుటుంబానికి విదేశీ ఉద్యోగం ఆశ. ఉన్న ఉద్యోగం ఆధారం. ఆశ చేతికి అందువరకు ఆధారాన్ని విడువకుండుటయే క్షేమకరం.